పడవకు సబ్సిడీ ఉంది, పాఠానికి ఏదీ?

వేటకు బయలుదేరే మత్స్యకారుడి ఫోన్‌కి వచ్చే సందేశాల్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: అలల ఎత్తు 2 నుంచి 2.5 మీటర్ల వరకు ఉండవచ్చు. ఆ వాక్యం వెనక చాలా శాస్త్రం ఉంది, చాలా డబ్బూ ఉంది. ఉపగ్రహాలు, సముద్రంలో లంగరు వేసిన బోయలు, పెద్ద కంప్యూటర్ల మీద నడిచే గణిత నమూనాలు, వీటన్నిటినీ ఒకచోట చేర్చి సూచనలు తయారుచేసే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. ఇంత దూరం ప్రయాణం చేసిన ఆ అంకె చివరికి ఫైబర్ పడవలో ఇంజను పక్కన నిలబడ్డ మనిషి చేతికి చేరుతుంది. చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

2.5 మీటర్లంటే అతడికి ఏం అర్థమవుతుంది? ఈరోజు సముద్రంలో అన్నిటికన్నా పెద్ద అల రెండున్నర మీటర్లు ఉంటుందని. డిగ్రీలు చదివినవాళ్లు కూడా ఎక్కువ మంది అలాగే అనుకుంటారు. అది నిజం కాదు. సముద్ర శాస్త్రవేత్తలు వచ్చిన అలలన్నిటినీ ఎత్తు ప్రకారం పేర్చి, అందులో పెద్దవైన మూడో వంతు అలలను తీసుకుని, వాటి సగటును చెబుతారు. సగటు కాబట్టి దాన్ని మించే అలలు ఉండి తీరతాయి. వెయ్యి అలలు వస్తే వాటిలో అతి పెద్దది చెప్పిన అంకెకు దాదాపు రెట్టింపు ఉంటుందని లెక్క. ఎనిమిది సెకన్లకు ఒక అల చొప్పున వెయ్యి అలలు రావడానికి రెండుంబావు గంటలు చాలు. అంటే 2.5 అని చెప్పిన రోజున, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేటలో ఉన్న పడవ నాలుగున్నర మీటర్ల అలను చూడటం వింతేమీ కాదు. సూచన తప్పలేదు, దాన్ని చదివిన తీరే తప్పింది.

ఇంకో చిక్కుంది. ఎత్తు ఒక్కటే పడవను తిరగేయదు, వాలు తిరగేస్తుంది. లోతైన నీటిలో ఎనిమిది సెకన్ల అల పొడవు సుమారు వంద మీటర్లు. అయిదు సెకన్ల అల పొడవు నలభై మీటర్లకు కాస్త తక్కువ. రెండు మీటర్ల ఎత్తు మొదటిదాని మీద ఊయల, రెండోదాని మీద గోడ. నది మొగ దగ్గర సంగతి ఇంకా తీవ్రం. పాటు సమయంలో నీరు బయటికి పారుతూ, లోపలికి వచ్చే అలకు ఎదురు పడితే అల పొడవు కుంచించుకుపోయి ఎత్తు పెరుగుతుంది. గోదావరి మొగల దగ్గర పడవ నడిపే సరంగుకు ఇది కళ్లతో తెలుసు. ఏ వేళకు దాటాలో, ఏ వేళకు లంగరేసి ఆగాలో అతడికి ఒకరు చెప్పనక్కర్లేదు. అతడికి తెలియనిదల్లా తన కన్ను చూసే ఈ వాలును ఇన్‌కాయిస్ కూడా లెక్కగడుతోందన్న సంగతి. చిన్న పడవల కోసం ఆ సంస్థ నడుపుతున్న హెచ్చరిక వ్యవస్థ అలల ఎత్తు, వాలు, అవి ఎన్ని దిక్కుల నుంచి వస్తున్నాయి, గాలికి సముద్రం ఎంత వేగంగా రేగుతోంది అనేవి కలిపి పడవ భద్రతా సూచిక ఒకటి తయారుచేస్తుంది. ఏడు మీటర్ల వెడల్పు లోపు పడవల కోసమే ఇది. మన తీరంలో తిరిగే చిన్న పడవలన్నీ ఆ కొలతలోకే వస్తాయి.

ఒక పక్క ఇంత మంచి శాస్త్రం, ఇంకో పక్క అంత పాత అనుభవం. ఈ రెండింటినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టే పని ఎవరిది? దానికి డబ్బు ఎవరిస్తున్నారు?

డబ్బు ఎటు పోతోంది

చేపల రంగానికి దేశం ఈ మధ్య ఇచ్చినంత డబ్బు అంతకు ముందెప్పుడూ ఇవ్వలేదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అంచనా రూ.20,050 కోట్లు. అందులో కేంద్రం వాటా రూ.9,407 కోట్లు, రాష్ట్రాలది రూ.4,880 కోట్లు, లబ్ధిదారులు పెట్టుకోవాల్సింది రూ.5,763 కోట్లు. లోతు సముద్రంలో వేటాడే పడవలు, ఐస్ ప్లాంట్లు, శీతల గిడ్డంగులు, జెట్టీలు, చెరువులు, మేత మిల్లులు, చేపలు అమ్ముకునే బండ్లు. సామాన్య వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ 60 శాతం సబ్సిడీ. ఇదంతా కావలసిందే. ఐస్ లేక చేప కుళ్లిపోయే ఊళ్లో అలల వాలు గురించి ఉపన్యాసమిస్తే ఎవరికీ కడుపు నిండదు.

శిక్షణకు అసలు చోటే లేదనడం న్యాయం కాదు. హైదరాబాద్‌లో చేప ఆకారపు భవనంలో ఉన్న జాతీయ మత్స్య అభివృద్ధి మండలి శిక్షణ తరగతులకు నిధులిస్తుంది. తీర గ్రామాల్లో సాగర మిత్రల పేరుతో యువతీ యువకులను నియమించారు. కానీ రోజూ ఎంత చేప దిగింది, ఏ ధర పలికింది, ఏ పథకానికి ఎవరు దరఖాస్తు చేశారు అన్న లెక్కలన్నీ వాళ్ల మీదే ఉన్నాయి. వాతావరణ సమాచారం చేరవేయడం కూడా వాళ్ల పనే. ఇన్నింటి మధ్య బోధన మిగిలితే మిగులుతుంది, లేకపోతే లేదు. ఇక శిక్షణ తరగతుల లెక్క ఎలా తేలుతుందో ఆ ఊళ్లలో అందరికీ తెలుసు: ఎన్ని రోజులు, ఎంత మంది, ఎన్ని సంతకాలు. ఫ్లెక్సీ ముందు నిలబడి తీసిన ఫొటో, భోజనం పొట్లం, హాజరు పట్టీ. ఏం నేర్చుకున్నారన్న గడి ఆ పట్టీలో లేదు.

సబ్సిడీ మీద కొన్న పడవను ఫొటో తీయవచ్చు, లోతు కొలవవచ్చు, నంబరు వేయవచ్చు. మనిషికి వచ్చిన తెలివిని అలా చూపించలేం. ఆడిట్‌కు దొరికేదానికే డబ్బు ముందు వెళుతుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు, గ్రాంటు రాసే పద్ధతే అలా ఉంది.

ట్రాన్స్‌పాండర్ల విషయం చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. 2017 నవంబరు 30న ఓఖీ తుపాను శ్రీలంక పక్క నుంచి చాలా వేగంగా బలపడి కన్యాకుమారి, కేరళ తీరాల మీదికి వచ్చింది. అప్పటికే పడవలు సముద్రంలో ఉన్నాయి. హెచ్చరిక వాళ్లను చేరే దారి లేదు. వందల మంది తిరిగి రాలేదు. ఆ రోజు ఎంత చదువు చెప్పి ఉన్నా ఉపయోగం ఉండేది కాదు, ఎందుకంటే మాటే వాళ్ల దాకా వెళ్లలేదు. ఆ లోటు తీర్చడానికి ఇస్రో తయారుచేసిన రెండు వైపులా సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు బిగించే పథకాన్ని 2024 ఆగస్టులో ప్రారంభించారు. ఖర్చు రూ.364 కోట్లు. పడవకు సగటున రూ.36,400. సెల్ టవరు అందని దూరంలో ఉన్నా తుపాను హెచ్చరిక వస్తుంది, ఆపదలో మీట నొక్కితే ఒడ్డుకు తెలుస్తుంది, సరిహద్దు దగ్గరికి వెళితే గుర్తు చేస్తుంది. చాలా మంచి పని.

ఓఖీ నాటి ప్రశ్న మాట చేరుతుందా అని. ఈనాటి ప్రశ్న చేరిన మాటతో ఏం చేస్తారు అని. పడవలో ట్యాంకు నిండా డీజిల్ పోశారు, ఐస్ ఎక్కించారు, పెట్టుబడి అప్పు తెచ్చారు, వల వేశారు. సందేశం వచ్చింది. వల కోసుకుని వెనక్కి రావాలా, ఇంకో రెండు గంటలు చూడాలా? ఆ నిర్ణయం పరికరం తీసుకోదు. పరికరానికి పెట్టిన రూ.36,400లో పదో వంతు, అంటే పడవకు రూ.3,640, ఆ నిర్ణయం తీసుకోవడం నేర్పడానికి విడిగా కేటాయిస్తే లక్ష పడవలకు రూ.36.4 కోట్లు అవుతుంది. మత్స్య సంపద యోజన మొత్తంలో అది 0.2 శాతం కూడా కాదు.

మైకు ఉన్న ఊరు

చిన్న గ్రాంటుతో ఇలాంటి పని జరగదనుకునేవాళ్లు పుదుచ్చేరి వైపు చూడవచ్చు. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కెనడాకు చెందిన అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం ఇచ్చిన నిధులతో అక్కడి గ్రామాల్లో సమాచార కేంద్రాలు పెట్టింది. వీరాంపట్టినం మత్స్యకారుల ఊరు. ఊరివాళ్లు అడిగింది ఒకటే: రేపు సముద్రం ఎలా ఉంటుంది? అప్పట్లో ఆ సమాచారం మన దేశంలో అంత సులువుగా దొరికేది కాదు. అమెరికా నౌకాదళం ఇంటర్నెట్‌లో పెట్టే అలల ఎత్తు అంచనాలను దించుకుని, తమిళంలోకి మార్చి, ఊళ్లో లౌడ్‌స్పీకర్లలో వినిపించారు. కేంద్రాలను నడిపింది ఊళ్లోని ఆడవాళ్లు, కుర్రాళ్లు. మహాసేనల కోసం చేసిన లెక్క తెప్పల మీద వెళ్లేవాళ్లకు పనికొచ్చింది.

ఆ కార్యక్రమంలో భాగమైన ఇంకో ఊరు నల్లవాడు. 2004 డిసెంబరు 26 ఉదయం సింగపూర్‌లో ఉన్న ఆ ఊరి మనిషి ఒకరు టీవీలో సునామీ వార్త చూసి ఇంటికి ఫోన్ చేశాడు. ఊళ్లోవాళ్లు సమాచార కేంద్రంలోని మైకులో అందరినీ ఒడ్డు నుంచి దూరంగా వెళ్లిపొమ్మని చెప్పారు. మూడు వేలకు పైగా జనం ఉన్న ఆ ఊరు ప్రాణాలతో మిగిలింది. అప్పటికి హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు. ఇన్‌కాయిస్‌లో ఆ కేంద్రం మొదలైంది 2007లో. నల్లవాడును కాపాడింది ఒక ఫోను, ఒక మైకు అని చెప్పడం తేలిక. అసలు కాపాడింది ఆ మైకులో వచ్చే మాటను వినే అలవాటు. రోజూ అలల గురించి చెప్పే గొంతు ఆ రోజు పరుగెత్తమంటే పరుగెత్తారు. ఈ అలవాటును ఏ టెండరు పిలిచీ కొనలేం.

గుజరాత్‌లో ఇంకో రకం పాఠం జరిగింది. తిమింగల సొరను కాలేయ నూనె కోసం, మాంసం కోసం సౌరాష్ట్ర తీరంలో పెద్ద ఎత్తున చంపేవారు. ఆ నూనెను పడవలకు నీరు అంటకుండా పూసేవారు. 2001లో దాన్ని వన్యప్రాణి చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో చేర్చారు. చట్టం రాగానే వల మారదు. 2004 నుంచి వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, డబ్బిచ్చిన టాటా కెమికల్స్ కలిసి ఊరూరా తిరిగాయి. మొరారి బాపు లాంటి ప్రవచనకారుడు ఆ సొరను పుట్టింటికి ప్రసవానికి వచ్చిన ఆడపిల్లతో పోల్చి చెప్పాడు. అంతటితో ఆగితే అదీ ఒక ఫ్లెక్సీ కార్యక్రమమే అయ్యేది. వలలో పడిన సొరను వదలడానికి వల కోస్తే ఆ నష్టానికి పరిహారం ఏర్పాటు చేశారు. అధికారి వచ్చి చూసేదాకా సొర బతికి ఉండదు కాబట్టి మత్స్యకారుల చేతికే కెమెరాలిచ్చి, వాళ్లు తీసిన ఫొటోనే సాక్ష్యంగా ఒప్పుకున్నారు. వందల సొరలు తిరిగి సముద్రంలోకి వెళ్లాయి. నేర్పడానికి ఇచ్చిన డబ్బు పని చేయాలంటే నేర్చుకున్నందుకు మనిషి నష్టపోకూడదు, అతడి మాటను నమ్మాలి అన్న రెండు సంగతులు ఇక్కడ తేలాయి. శిక్షణ పథకాలు రాసేవాళ్లలో ఎంత మంది ఈ కార్యక్రమం కాగితాలు తెరిచి చూశారో!

చట్టంలో రాసిన వాటా

అమెరికాలో వినోదం కోసం చేపలు పట్టేవాళ్లు ఎక్కువ. 1950లో వాళ్లొక చట్టం చేసుకున్నారు. గాలాలు, గాలపు కర్రలు, రీళ్ల మీద తయారీదారు దగ్గరే పది శాతం పన్ను వసూలు చేసి ఆ డబ్బును రాష్ట్రాలకు చేపల సంరక్షణ కోసం పంచుతారు. 1984లో మోటారు పడవల ఇంధనం మీద పన్నునూ ఇందులో కలిపారు. అదే సవరణతో జల వనరుల విద్యకు ఈ నిధిలో తలుపు తెరిచారు. ఇప్పుడు ఒక్కో రాష్ట్రం తన వాటాలో 15 శాతం దాకా విద్యకు, ప్రచారానికి ఖర్చు చేసుకోవచ్చు. ఖర్చులో నాలుగింట మూడు వంతుల వరకు కేంద్ర నిధి భరిస్తుంది. పడవ భద్రత నేర్పడానికి ఇదే నిధి నుంచి కోస్ట్‌గార్డ్ ద్వారా రాష్ట్రాలకు విడిగా గ్రాంట్లు వెళతాయి. అక్కడి నుంచి ఆ డబ్బు పాఠశాలలకు, ఊరి సంఘాలకు పాయలుగా చీలుతుంది. గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చినట్టు పిల్లలకు గాలపు కర్ర అరువిచ్చి మళ్లీ తీసుకునే ఏర్పాట్లు కూడా ఈ డబ్బుతో నడుస్తున్నాయి.

దీన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ నాటలేం. ఆదివారం సరదాకు గాలం వేసేవాడి మీద పన్ను వేరు, పొట్టకూటికి వల వేసేవాడి మీద పన్ను వేరు. మనవాళ్ల వల మీద పన్ను వేయమని ఎవరూ అనరు. తీసుకోవాల్సింది పన్నును కాదు, వాటా అన్న ఆలోచనను. నేర్పడానికి ఎంత అన్నది అక్కడ చట్టంలోనే ఉంది కాబట్టి ఏ అధికారి బదిలీ అయినా, ఏ ఏడాది బడ్జెట్ బిగుసుకున్నా ఆ గడి చెరిగిపోదు.

ఫలితం ఉందా? 2023లో అమెరికాలో వినోద పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. నడిపినవారికి శిక్షణ ఉందో లేదో తెలిసిన కేసుల్లో, దాదాపు నాలుగింట మూడు వంతుల మరణాలు శిక్షణ లేనివాళ్లు నడిపిన పడవల్లోనే జరిగాయని కోస్ట్‌గార్డ్ లెక్క. ఈ అంకెను శిక్షణకు రుజువుగా చాలా మంది చూపిస్తారు. తొందరపడకూడదు. మొత్తం పడవలు నడిపేవాళ్లలో శిక్షణ లేనివాళ్లు ఎంత శాతమో తెలిస్తే తప్ప ఈ నాలుగింట మూడు వంతులకు అర్థం లేదు. అందరిలోనూ నాలుగింట మూడు వంతుల మందికి శిక్షణ లేకపోతే శిక్షణ వల్ల తేడా ఏమీ లేనట్టే. దానికన్నా గట్టి అంకె ఇంకొకటుంది. నీట మునిగి చనిపోయినవాళ్లలో పదింట ఎనిమిది మందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోలేదు. ఇక్కడ కారణం, ఫలితం మధ్య దారి సూటిగా ఉంది.

మన పడవల్లో లైఫ్ జాకెట్లు లేకపోవు. సబ్సిడీ మీద ఇచ్చినవి ఉంటాయి. ఒంటి మీద ఉండవు. ఎండలో ఉడుకుతుంది, వల లాగేటప్పుడు పట్టీలు తగులుకుంటాయి, పక్కవాడు నవ్వుతాడు. ఈ మూడింటిలో మొదటి రెండూ తయారీలో సరిదిద్దాల్సినవి. మూడోది మాత్రం పాఠంతోనే పోతుంది, అదీ ఆ ఊరి సరంగు తాను వేసుకుని చూపించినప్పుడు.

పాఠం పడవ నడిపేవాడికే కాదు, ఎక్కేవాడికీ కావాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి నలభై మందికి పైగా పోయారు. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది చనిపోయిన పడవ చేపల పడవను మార్చి విహారానికి తిప్పుతున్నది. పడవ పక్కకు ఒరిగినప్పుడు తిరిగి నిటారుగా నిలబెట్టే బలం ఒకటుంటుంది. బరువు కిందున్నంతసేపూ ఆ బలం గట్టిగా ఉంటుంది. జనం పై అంతస్తు ఎక్కేకొద్దీ, ఒక పక్కకు చేరేకొద్దీ అది సన్నగిల్లుతుంది. ఒక తొట్టెలో బొమ్మ పడవ పెట్టి, దాని మీద రాళ్లు పేరుస్తూ పోతే అయిదో తరగతి పిల్లలు కూడా ఈ సంగతి పట్టేస్తారు. తీరంలోని, నది గట్టునున్న ప్రతి బడికీ ఆ తొట్టె కొనడానికి ఎంతవుతుంది?

సముద్రం మీద పుట్టి పెరిగినవాడికి మీరేం నేర్పుతారన్న మాట ఎప్పుడూ వినిపించేదే. అందులో నిజం ఉంది. గాలి లేకుండా, తుపాను లేకుండా ఉన్నట్టుండి తీరం మీదికి వచ్చే ఉప్పెన లాంటి అలలను కేరళ మత్స్యకారులు 'కల్లక్కడల్' అంటారు, దొంగలా వచ్చే సముద్రమని. అవి వేల కిలోమీటర్ల దూరాన దక్షిణ మహాసముద్రంలో పుట్టిన తుపానుల నుంచి నడిచొచ్చే అలలని శాస్త్రవేత్తలు తేల్చారు. మత్స్యకారుల మాటనే శాస్త్ర పదంగా తీసుకున్నారు, 2012లో యునెస్కో దానికి ఆమోదం తెలిపింది. ఇప్పుడు ఇన్‌కాయిస్ హెచ్చరికల్లో ఆ పేరే ఉంటుంది. పాఠం రెండు వైపులా నడిచిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? కాబట్టి గ్రాంటులో మొదటి పద్దు బోధకులదై ఉండాలి, ఆ బోధకుల్లో సగం మంది పని మానేసిన పెద్ద సరంగులై ఉండాలి. వాళ్లకు శాలువా కప్పి పంపేయడం కాదు, రోజుకు ఇంతని కూలి కట్టివ్వాలి. మిగతా సగం ఆ ఊరి ఆడవాళ్లు కావచ్చు. చేప అమ్మేది, అప్పు తెచ్చేది, పడవ వెళ్లాక ఒడ్డున ఫోను పట్టుకుని కూర్చునేది వాళ్లే.

శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు పడవ పనికి వెళ్లేవాళ్ల సంగతి ఈ లెక్కల్లో ఎక్కడా లేదు. 2018 చివర్లో అలా వెళ్లినవాళ్లు సముద్ర సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ అధికారులకు పట్టుబడ్డారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. వాళ్ల కథ స్ఫూర్తితోనే 'తండేల్' సినిమా వచ్చింది. సముద్రం మీద గీత కనబడదు. జీపీఎస్ తెర మీద కనబడుతుంది. ఆ తెర తండేలు ముందు ఉంటుంది, వల లాగే కూలీ ముందు కాదు. అక్కడి పడవలో ఉన్న తెలుగువాడు గుజరాత్ శిక్షణ పట్టీలో ఉండడు, ఊళ్లో లేడు కాబట్టి ఇక్కడి పట్టీలోనూ ఉండడు. గ్రాంటును ఊరి లెక్కన కాకుండా మనిషి లెక్కన ఇస్తే, అతడు ఇంటికొచ్చిన రోజుల్లో కూర్చోబెట్టి తెలుగులో చెప్పే వీలుంటుంది.

చేపలవేట ప్రపంచంలో అత్యంత ప్రమాదకరమైన వృత్తుల్లో ఒకటి. ఏటా లక్ష మందికి పైగా మత్స్యకారులు వృత్తిలో ప్రాణాలు కోల్పోతున్నారని 2022లో ఫిష్ సేఫ్టీ ఫౌండేషన్ అంచనా వేసింది. మన వైపు లెక్క ఇంకా గజిబిజి. చిన్న పడవ మునిగితే అది ఊరికి తెలుస్తుంది, జిల్లాకు తెలిస్తే తెలుస్తుంది. చెన్నైలో ఉన్న బంగాళాఖాత కార్యక్రమ సంస్థలో మన దేశంతో పాటు బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు సభ్యులు. చిన్న పడవల భద్రత మీద ఆ సంస్థ ఎన్నో ఏళ్లుగా పని చేస్తోంది. పాఠ్య సామగ్రి కొత్తగా తయారుచేసుకోనక్కర్లేదు. కావలసింది దాన్ని ఒడ్డు దాకా మోసే డబ్బు, ఏడాదికోసారి కాకుండా కనీసం మూడేళ్ల పాటు ఆగకుండా వచ్చే డబ్బు.

దాని ఫలితం కొలవలేమన్నది సాకు మాత్రమే. లైఫ్ జాకెట్ నీళ్లలో విసిరి, దూకి ఎంతసేపట్లో తొడుక్కున్నాడో చూడవచ్చు. నాలుగు పాత హెచ్చరిక సందేశాలు చదివించి ఏ రోజు వెళతావు, ఏ రోజు ఆగుతావు అని అడగవచ్చు. ట్రాన్స్‌పాండర్ ఆపద మీట ఎక్కడుందో, పొరపాటున నొక్కితే ఏం చేయాలో చేయించి చూడవచ్చు. ఆరు నెలల తర్వాత మళ్లీ అదే అడగవచ్చు. హాజరు పట్టీ కన్నా ఇది ఎక్కువ పని. పడవకు నంబరు వేసినంత సులువు కాదు, అంత కష్టమూ కాదు.

సమయం కూడా వెతుక్కోనక్కర్లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కుతాయి. ఇంజన్లు విప్పి సర్వీసు చేస్తారు, పడవలకు రంగు వేస్తారు, చెట్ల నీడన వలలు పరిచి అల్లుతారు. సంపాదన ఉండదు కాబట్టి ప్రభుత్వాలు భృతి ఇస్తాయి; ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దాన్ని కుటుంబానికి రూ.20,000 చేశారు. ఒక్క రోజు వేట పోగొట్టుకోకుండా మొత్తం ఊరు ఒకచోట దొరికే కాలం ఏడాదిలో అదొక్కటే. మన శిక్షణ నిధుల్లో చాలా భాగం మాత్రం ఆర్థిక సంవత్సరం ముగిసే ఫిబ్రవరి, మార్చిలో హడావిడిగా ఖర్చవుతుంది. అప్పుడు పడవలన్నీ సముద్రంలో ఉంటాయి. మత్స్య సంపద యోజన ఒక ఏడాది పొడిగింపుతో 2025-26 దాకా వచ్చింది. దాని తర్వాతి పథకం మార్గదర్శకాలు రాసేవాళ్లు నేర్పడానికి విడిగా ఒక పద్దు పెట్టి, ఆ డబ్బు ఏప్రిల్ మొదటి వారానికల్లా ఊరి సహకార సంఘం ఖాతాలో పడేలా ఒక వాక్యం చేర్చితే, ఏప్రిల్ 15 ఉదయం వల అల్లుతూ కూర్చున్నవాళ్ల పక్కన ఒక తొట్టె, ఒక బొమ్మ పడవ, నాలుగు పాత సందేశాలు పట్టుకుని ఎవరో ఒకరు కూర్చోగలుగుతారు.